డీఎన్‌పీ తర్వాత ఆన్‌లైన్ పీహెచ్‌డీ: నాలుగేళ్లు చదివాక రాస్తున్న సమీక్ష

డీఎన్‌పీ (డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్, నర్సు వృత్తిపనికి సంబంధించిన డాక్టరేట్) ఉంటే నర్సింగ్ పీహెచ్‌డీ సగం అయిపోయినట్టే అన్న మాట అమెరికాలోని నర్సుల మధ్య బాగా తిరుగుతోంది. ఫీజు వరకు అందులో కొంత నిజముంది. హెల్త్ పాలసీ, లీడర్‌షిప్ లాంటి కోర్సులకు మినహాయింపు దొరుకుతుంది కాబట్టి ఎంఎస్ఎన్‌తో (నర్సింగ్ మాస్టర్స్ డిగ్రీతో) వచ్చేవాళ్లకన్నా క్రెడిట్లు తగ్గుతాయి. చదువు మాత్రం తగ్గదు. డీఎన్‌పీలో పూర్తి చేసిన 1,000 ప్రాక్టీస్ గంటలకు ఇక్కడ చోటు లేదు. శాస్త్ర తత్వం, సిద్ధాంత నిర్మాణం, క్వాలిటేటివ్, క్వాంటిటేటివ్ పద్ధతులు, స్టాటిస్టిక్స్ అన్నీ మొదటి నుంచీ చదవాల్సిందే. ఆ తర్వాత క్వాలిఫయింగ్ పరీక్ష, ప్రపోజల్, డేటా, డిఫెన్స్ ఉంటాయి. బెడ్‌సైడ్ లీడర్‌షిప్ కోసమైతే డీఎన్‌పీ చాలు, ఇంకో నాలుగేళ్లు పెట్టొద్దు. సొంతంగా పరిశోధన నడపాలన్న కోరిక గట్టిగా ఉన్నవాళ్లకే ఈ దారి.

మొదటి ఏడాది ఎక్కువమంది తడబడేది పరిశోధన ప్రశ్న దగ్గరే. ఒక ఐసీయూలో డాక్టర్ ఆర్డర్ కోసం ఆగకుండా నర్సే ఫోలీ (మూత్రం కోసం పెట్టే గొట్టం, అంటే క్యాథెటర్) తీసేసే ప్రొటోకాల్ పెట్టారనుకోండి. అంతకుముందు 900 క్యాథెటర్ రోజుల్లో (రోగులకు ఆ గొట్టం ఉన్న మొత్తం రోజులు) 3 మూత్ర ఇన్ఫెక్షన్లు, అంటే వెయ్యి రోజులకు 3.3. తర్వాత 800 రోజుల్లో 1, అంటే 1.25. ఆ యూనిట్‌కు ఇది మంచి ఫలితమే, డీఎన్‌పీ ప్రాజెక్టుగా నిలబడుతుంది. ఇదే పీహెచ్‌డీ కమిటీ ముందు పెడితే, తగ్గింది ప్రొటోకాల్ వల్లేనని ఎలా చెబుతారని అడుగుతారు. మూడు ఒకటైందని చూపి ఏదీ రుజువు చేయలేం. వేరే ఆసుపత్రిలోని నర్సుకు దీనివల్ల కొత్తగా ఏం తెలిసిందన్నది వాళ్ల తర్వాతి ప్రశ్న. కాబట్టి మన ప్రశ్నే మారాలి: తీసే అధికారం చేతిలో ఉన్నా నర్సులు ఫోలీ తీయడానికి ఎందుకు వెనకాడతారు? దీనికి థియరీ ఆఫ్ ప్లాన్డ్ బిహేవియర్ (మనిషి ఉద్దేశం ఎలా ఏర్పడి చర్యగా మారుతుందో చెప్పే సిద్ధాంతం) బాగా కుదురుతుంది. ఆ వెనకాడటాన్ని కొలిచే ప్రశ్నావళి కావాలి, అది ఇలాంటి నర్సుల మీద సరిగ్గా పనిచేసిందన్న ఆధారమూ చూపాలి. క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నావళిలోని ప్రశ్నల మధ్య పొందిక ఎంతో చెప్పే అంకె) 0.70 దాటిందని ఒక్క వాక్యం రాసి వదిలేసిన ప్రపోజల్ తప్పకుండా వెనక్కి వస్తుంది.

శాంపిల్ లెక్కలోనూ ఒక తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రెండు గుంపుల సగటులను టీ-టెస్ట్‌తో పోల్చడానికి జీపవర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్ట్ సైజు (తేడా ఎంత పెద్దదన్నది) 0.5, ఆల్ఫా (లేని తేడాను ఉందనుకునే అవకాశం) 0.05, పవర్ (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) 0.80 ఇస్తే గుంపుకు 64 చొప్పున 128 మంది కావాలంటుంది. 20 శాతం మంది సగంలో వదిలేస్తారనుకుని చాలామంది 128కి 20 శాతం కలిపి 154 అని రాస్తారు. 154లో 20 శాతం పోతే మిగిలేది 123 మందే. 128ని 0.80తో భాగించాలి, 160 వస్తుంది. ఆన్‌లైన్ సర్వేకు నలుగురిలో ఒకరే స్పందిస్తే 640 మందికి లింకు పంపాలి. అంతమంది నర్సులు ఏ ఆసుపత్రుల్లో ఉన్నారో ప్రపోజల్ రాసేముందే చూసుకోవాలి.

ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతిచ్చే నైతిక సమీక్ష కమిటీ) దగ్గర డీఎన్‌పీ వాళ్లకు ప్రత్యేకమైన చిక్కుంది. డీఎన్‌పీ ప్రాజెక్టును చాలాసార్లు నాణ్యత మెరుగుదల పని అని, పరిశోధన కాదని తేల్చి ఉత్తరం ఇస్తారు. ఆ ఉత్తరం మీద సేకరించిన డేటాను నేరుగా డిసర్టేషన్‌లో వాడకూడదు, మళ్లీ సమీక్షకు పంపాలి. ఆన్‌లైన్ విద్యార్థికి దీనికి తోడు యూనివర్సిటీ ఒక రాష్ట్రంలో, ఆసుపత్రి మరో రాష్ట్రంలో ఉంటాయి. రెండు ఐఆర్‌బీల్లో ఎవరు సమీక్షిస్తారు, ఎవరు ఆ నిర్ణయాన్ని అంగీకరిస్తారు అన్న ఒప్పందానికి నెలలు పట్టొచ్చు. క్వాలిఫయింగ్ పరీక్షకు చదువుతున్నప్పుడే ఆసుపత్రి అనుమతి ఉత్తరం కోసం అడగడం మొదలుపెట్టాలి.

ప్రోగ్రాం ఎంచుకునేటప్పుడు ఎన్ని క్రెడిట్లు మాఫీ అవుతాయన్నదానికన్నా డిసర్టేషన్ చైర్ (సిద్ధాంత గ్రంథానికి మార్గదర్శి అయిన ప్రొఫెసర్) ఎవరన్నదే ముఖ్యం. మీ విషయంలో పేపర్లు రాస్తున్న ప్రొఫెసర్ అక్కడ ఉన్నారా, కొత్త విద్యార్థిని తీసుకుంటారా అని దరఖాస్తుకు ముందే మెయిల్ చేసి అడగండి. ఒక డ్రాఫ్ట్ చూడటానికి చైర్‌కు రెండు వారాలు అనుకుందాం. ఐదు అధ్యాయాలు, ఒక్కోటి మూడుసార్లు అంటే ఎదురుచూపుకే 30 వారాలు. ఆ టర్ములన్నిటికీ డిసర్టేషన్ క్రెడిట్ల ఫీజు కడుతూనే ఉండాలి.

ఆన్‌లైన్ పద్ధతి మీద పెద్దగా ఫిర్యాదు లేదు. లైబ్రరీ డేటాబేసులు ఇంటి నుంచే తెరుచుకుంటాయి, సాయంత్రం జూమ్ సెమినార్లలో చర్చ బాగానే సాగుతుంది. నైట్ డ్యూటీలు మాత్రం వాటికి తగ్గట్టు మార్చుకోవాలి. స్టాటిస్టిక్స్ ఎనిమిది వారాల్లో ముగించే చోటికి వెళ్లొద్దు. రిగ్రెషన్ వంటబట్టేలోపే కోర్సు అయిపోతుంది, ఆ లోటు డేటా విశ్లేషణ రోజున బయటపడుతుంది.

పీహెచ్‌డీ ప్రోగ్రాంకు సీసీఎన్ఈ (అమెరికాలో నర్సింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు లేదని కొందరు కంగారుపడతారు. డాక్టరేట్లలో సీసీఎన్ఈ డీఎన్‌పీకే గుర్తింపు ఇస్తుంది, పీహెచ్‌డీకి ఇవ్వదు. యూనివర్సిటీకి సంస్థాగత గుర్తింపు ఉందో లేదో చూడండి. గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం ఉంటే నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రాం తప్పక అడగాలి. నర్సింగ్ స్కూల్లో నాలుగేళ్లు ఫుల్‌టైమ్‌గా బోధిస్తే అప్పులో 85 శాతం వరకు రద్దవుతుంది. హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు గానీ ఈ సాయం దొరకదు. పూర్తిగా ఆన్‌లైన్ ప్రోగ్రాం మీద ఎఫ్-1 వీసా రాదు.

తిరిగొచ్చి ఆంధ్రలోనో తెలంగాణలోనో నర్సింగ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరాలనుకుంటే ఫీజు కట్టేముందే ఆగి ఆలోచించండి. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు నడిపే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబరులో ప్రకటించాయి. అమెరికా యూనివర్సిటీ నేరుగా ఇచ్చే డిగ్రీ అయినా, ఆన్‌లైన్‌లో చదివినదానికి ఇక్కడ సమానత ఇస్తారా అన్నది చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.