కాలితో తొక్కే నల్ల కుట్టుమిషన్: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష, కుట్టులో మనం చేసుకునే చెడ్డ అలవాట్లు

మా ఇంట్లో ఉన్నది కాలితో తొక్కే నల్ల కుట్టుమిషన్. సింగర్ కంపెనీ 15 క్లాస్ నమూనాను అనుసరించి తయారైన రకం. ఇది తిన్నని కుట్టు ఒక్కటే వేస్తుంది. జిగ్‌జాగ్ రాదు, కాజాలు కుట్టదు. ఏళ్ల తరబడి దీని మీద జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు, ముక్కల బొంతలు కుట్టాను. ఇరుగుపొరుగున కుట్టు నేర్చుకునేవారికి పని చూపించాను, వారి మిషన్లు మొరాయించినప్పుడు విప్పి చూశాను. ఇంత వాడకం తర్వాత నేను నిశ్చయంగా చెప్పగలిగేది ఒకటుంది: ఇటువంటి మిషన్ మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కుట్టేవారి అలవాట్లలోనే ఉంటుంది. అందువల్ల ఆ అలవాట్ల సంగతి చెప్పకుండా ఈ మిషన్ మంచిదో కాదో చెప్పడం న్యాయం అనిపించుకోదు.

అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది దారం బిగువును సరిచేసే టెన్షన్ స్క్రూను ఊరికే తిప్పే అలవాటు. గుడ్డ అడుగున దారం ఉండలు కట్టగానే చాలామంది బాబిన్ కేసు, అంటే కింది దారపు చుట్ట కూర్చునే చిన్న డబ్బీ తీసి, దాని చిన్న స్క్రూను బిగిస్తారు. కానీ అడుగున ఉండలు కట్టే దారం సాధారణంగా పైనుంచి వచ్చినదే. పైదారం టెన్షన్ బిళ్లల మధ్య సరిగా కూర్చోకపోతే పట్టు లేక వదులుగా దిగి, కింద చుట్టలు చుట్టుకుంటుంది. గుడ్డను నొక్కిపట్టే ప్రెజర్ ఫుట్ ఎత్తి ఉన్నప్పుడు ఆ బిళ్లలు విడివడతాయి, దించినప్పుడు దగ్గరకు వచ్చి దారాన్ని పట్టుకుంటాయి. ఫుట్ దించి ఉంచి దారం ఎక్కిస్తే అది బిళ్లల లోపలికి పోకుండా అంచు మీదే నిలిచిపోవచ్చు. ఈ ఒక్క విషయం తెలియక ఒకసారి పై స్క్రూను, ఇంకోసారి కింది స్క్రూను తిప్పుతూ పోయినవారి మిషన్‌లో చివరికి ఏది ఎక్కడ ఉండాలో ఎవరికీ అంతుపట్టదు. నేను పాటించే వరుస ఇది: ముందు ఫుట్ ఎత్తి పైదారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించాలి, తర్వాత సూది మార్చాలి, ఆ తర్వాత బాబిన్ కేసు తీసి పైదారాన్ని అందుకుని తిప్పే షటిల్ చుట్టూ పేరుకున్న నూగును చిన్న బ్రష్‌తో తుడవాలి, అప్పటికీ ఉండలు వస్తే పైటెన్షన్‌ను కొద్దిగా బిగించి చూడాలి. బాబిన్ కేసు స్క్రూ జోలికి పోయే అవసరం చాలా అరుదుగా వస్తుంది. వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే దారం కొస పట్టుకుని కేసును గాలిలో వేలాడదీసి మెల్లగా ఒక కుదుపు ఇవ్వాలి. అది కొంచెం జారి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. కదలకుండా ఉంటే మరీ బిగుతు, జరజరా కిందికి దిగిపోతే మరీ వదులు. నూగు తీయడానికి నోటితో ఊదడం కూడా మంచిది కాదు. ఊపిరిలోని తేమ లోపలి ఇనుముకు చేరి తుప్పుకు దారి తీస్తుంది.

సూది విషయంలో మనవాళ్లు చూపే పొదుపు నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. విరిగేదాకా ఒకే సూదితో కుట్టడం ఇంటింటా ఉన్న ఆచారం. దాదాపు 8 గంటల కుట్టుపనికి ఒకసారి సూది మార్చాలని కుట్టుపని తెలిసినవారు చెబుతారు. అంత కచ్చితంగా లెక్క పెట్టకపోయినా, పెద్ద బొంత ఒకటి పూర్తయ్యాక కొత్త సూది పెట్టుకోవడం న్యాయం. మొన అరిగిన సూది గుడ్డలోకి దిగేటప్పుడు టక్ టక్‌మని చప్పుడు చేస్తుంది, పట్టుగుడ్డలో పోగులు లాగేస్తుంది, మధ్యమధ్య కుట్టు వదిలేస్తుంది. సూది వంగిందేమో చూడాలంటే దాని చదును భాగాన్ని అద్దం మీద ఆనించి, సూదికీ అద్దానికీ మధ్య సందు మొన వరకు ఒకే తీరుగా ఉందా అని గమనిస్తే చాలు. పలచని పట్టుకు, వాయిల్‌కు 11 నంబరు, మామూలు నూలుగుడ్డకు 14, జీన్స్‌కు, పొరలు పేర్చిన బొంతకు 16 లేదా 18 వాడాలి. ప్యాకెట్ మీద 90/14 అని ఉంటే ఆ 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటర్లని అర్థం. దారం ఎప్పుడూ పొడవు గాడి ఉన్న వైపు నుంచే బెజ్జంలోకి వెళ్లాలి. సూదిని తిప్పి పెడితే మిషన్ ఎంత మంచిదైనా కుట్టు పడదు.

ఇక నూనె. కొబ్బరినూనె వేసిన మిషన్లు నేను చాలా చూశాను. వేసిన రోజు మిషన్ తేలికగా తిరుగుతుంది కాబట్టి అది తప్పని ఎవరికీ తోచదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. చలికాలపు ఉదయాల్లో మిషన్ బరువుగా తిరగడానికి అది ఒక కారణం. వంటనూనెలు గాలి తగిలి కాలక్రమేణా జిగురుగా మారి, దుమ్మునూ నూగునూ పట్టుకుని కీళ్లలో గట్టిపడతాయి. మిషన్ ఆయిల్ అని అమ్మే తెల్లనూనెనే వాడాలి, అదీ ఒక్కో రంధ్రంలో చుక్కో రెండు చుక్కలో మాత్రమే. నూనె వేశాక చక్రాన్ని కాసేపు ఉత్తగా తిప్పి, పాతగుడ్డ మీద కొన్ని వరుసలు కుట్టి, మిగులు నూనె పీల్చుకోనిచ్చిన తర్వాతే మంచి గుడ్డ పెట్టాలి. ఇప్పటికే జిగురెక్కిన మిషన్‌కైతే కీళ్లలో కొద్దిగా కిరోసిన్ వేసి, తిప్పి, కరిగిన మడ్డిని తుడిచి, ఆపైన మిషన్ ఆయిల్ వేయడం పాత మెకానిక్కుల పద్ధతి, అది పనిచేస్తుంది. టెన్షన్ బిళ్లలకు, తోలు బెల్టుకు మాత్రం నూనె తగలనివ్వకూడదు.

కాలి మిషన్‌కే ప్రత్యేకమైన ఒక దురలవాటు ఉంది. చేతి చక్రాన్ని మనవైపుకు తిప్పి పని మొదలుపెట్టకుండా పెడల్‌ను నేరుగా తొక్కితే చక్రం ఒక్కోసారి వెనక్కు తిరిగి దారం షటిల్‌లో చుట్టుకుపోతుంది. మొదటి నాలుగైదు కుట్ల వరకు రెండు దారాల కొసలను వెనక్కు పట్టుకోకపోవడం కూడా ఇటువంటిదే. అన్నిటికీ మించి, గుడ్డను వెనకనుంచి లాగడం. ఫుట్ కింది పళ్లు తమ కొలత ప్రకారం గుడ్డను జరుపుతాయి. మనం లాగితే సూది వంగి కింది ఇనుప ప్లేటుకు తగులుతుంది, కుట్లు ఒకచోట పొడవుగా, ఒకచోట పొట్టిగా పడతాయి. చేతుల పని గుడ్డకు దారి చూపించడం వరకే. గుండుసూదుల మీదుగా కుట్టే తొందర కూడా వద్దు. సూది గుండుసూదికి తగిలి విరిగితే ముక్క కంటిలోకి ఎగరవచ్చు.

మిషన్ దగ్గర కూర్చోవడానికి ముందే జరిగే తప్పులు కుట్టు పూర్తయ్యాక బయటపడతాయి. చీరకు ఫాల్ వేసేముందు దాన్ని నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలని మన ఇళ్లలో అందరికీ తెలుసు; అయినా పండుగ ముందు హడావిడిలో ఆ పని వదిలేస్తారు. మొదటి ఉతుకుకు ఫాల్ కుదించుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది. టూ బై టూ జాకెట్టు గుడ్డకు, లైనింగ్‌కు, బొంత ముక్కలకు కూడా ఇదే నియమం. బొంతలో అయితే దీని ఫలితం ఇంకా ఘోరం: నూలు కుదించుకుంటుంది, పాలిస్టర్ కుదించుకోదు, కనుక రెండూ పక్కపక్కన కుట్టిన బొంత ఉతికాక ఉబ్బెత్తుగా, గుంటలుగా తయారవుతుంది. ఎరుపు, నీలి రంగుల కలంకారీ ముక్కలను విడిగా నానబెట్టి, తడి మీద తెల్లగుడ్డతో రుద్ది, రంగు అంటడం లేదని తేలాకే తెలుపు ముక్కల పక్కన పెట్టాలి. నెలల శ్రమ ఒక్క బకెట్ నీళ్లలో పాడైపోవడం చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

ముక్కల బొంతలో మార్జిన్ దగ్గర, అంటే కుట్టుకు అవతల వదిలే అంచు దగ్గర చూపే అశ్రద్ధ మరో పెద్ద సంగతి. జాకెట్లు కుట్టే అలవాటు ఉన్నవారు మార్జిన్‌ను చూపుతో అంచనా కట్టి కుట్టేస్తారు, ఎందుకంటే జాకెట్టులో పక్క కుట్టు విప్పి వదులు చేసుకునే వీలుంటుంది. ముక్కల పనిలో ఆ వీలు లేదు. ఇందులో వాడుక కొలత పావు అంగుళం. ఒక వరుసలో 8 ముక్కలు ఉంటే 7 కుట్లు పడతాయి. ప్రతి ముక్క అంచులో అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోయినా ఒక్కో కుట్టుకు ఎనిమిదో వంతు తగ్గి, వరుస మొత్తానికి అంగుళానికి కొంచెం తక్కువగా, అంటే 7/8 అంగుళం లోటు వస్తుంది. అప్పుడు పక్క వరుసతో అతుకులు కలవవు, కలపాలని లాగితే గుడ్డ సాగుతుంది. ఫుట్ అంచే పావు అంగుళమని నమ్మవద్దు. ఈ మిషన్‌తో వచ్చిన ఫుట్‌కు ఆ కొలత లేదు. ఒకటిన్నర అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని టేపుతో కొలవండి. సరిగ్గా 1 అంగుళం వస్తే మార్జిన్ సరైనది. ఆ దూరాన ప్లేటు మీద టేపు ముక్క ఒకటి అతికించుకుంటే ఆ తర్వాత ఆలోచించే పని ఉండదు. ముక్కలను క్రాస్‌గా కత్తిరించడం కూడా చూసి చేయాలి. పడుగు (నిలువు పోగులు) వెంట గుడ్డ దాదాపు సాగదు, పేక (అడ్డ పోగులు) వెంట కొద్దిగా సాగుతుంది, ఐమూలగా అయితే చేతిలోనే ఆకారం మారిపోతుంది. అందుకే అటువంటి అంచుల మీద ఇస్త్రీపెట్టెను రుద్దకుండా ఎత్తి ఎత్తి అద్దాలి.

పొరలు కలిపే దశలో అవి కదలకుండా తాత్కాలికంగా వేసే టాకా కుట్లు వేయకపోవడమే నేను చూసిన ముఖ్యమైన లోపం. జానెడుకు మించిన ఎడం లేకుండా టాకాలు వేసి, మధ్యనుంచి అంచులవైపు కుట్టుకుంటూ పోతే మిగులు గుడ్డ బయటికి జరుగుతుంది; అంచులనుంచి మొదలుపెడితే మధ్యలో ఉబ్బు మిగిలి చివరికి మడతగా కుట్టవలసి వస్తుంది. అయితే ఇది అన్ని పద్ధతులకూ వర్తించే సూత్రం కాదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీ స్త్రీలు కవంది అనే బొంతను అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టుకుంటూ మధ్యలో ముగిస్తారు. వారు ముందుగా అతికిన పైపొరను పరచరు. ఒక్కొక్క ముక్కను పెడుతూ, చేత్తో సర్దుతూ, అప్పటికప్పుడే కుట్టేస్తారు కాబట్టి ఉబ్బు మిగలదు. పద్ధతి వెనక కారణం తెలిస్తే ఏ నియమం ఎక్కడ పనికివస్తుందో మనకే బోధపడుతుంది.

ఈ మిషన్ పరిమితులు కూడా దాచకుండా చెప్పాలి. సూదికీ నిలువు స్తంభానికీ మధ్య చోటు తక్కువ. ఒంటి మంచం బొంతను చుట్టచుట్టి దూర్చుకోవచ్చు గానీ, నాలుగైదు పొరల నూలుచీరలతో చేసిన డబుల్ మంచం బొంతను ఇందులో కుట్టాలని చూడటం గుడ్డకూ భుజాలకూ శిక్షే. అటువంటివాటికి నేను పైపొర ముక్కలను మాత్రం మిషన్ మీద కలిపి, పొరలను చేతితో కుడతాను. మిషన్ మీదే కుట్టాలంటే ఫుట్ ఒత్తిడిని పైన ఉన్న స్క్రూతో కొంత తగ్గించి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచి, పక్కన మరో బల్ల వేసి బొంత బరువు దాని మీద ఆనేలా చూడాలి. వేలాడే బరువు గుడ్డను లాగి సూదిని వంచుతుంది. నడుము వంచి గంటల కొద్దీ కదలకుండా కూర్చోవడం కూడా మానుకోవలసిందే. బాబిన్ అయిపోయిన ప్రతిసారీ లేచి నాలుగడుగులు వేయడం నా పద్ధతి.

తిన్నని కుట్టు విషయంలో మాత్రం దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను. కరెంటు అక్కరలేదు, విడిభాగాలు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయి, ఒకటొకటిగా కుట్టు వేసేంత నెమ్మదిగా నడుస్తుంది కనుక నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి మిషన్ చెప్పలేను. చుడీదార్లు, సాగే గుడ్డలు, కాజాలు ప్రధానమైనవారు మాత్రం జిగ్‌జాగ్ ఉన్నదే తీసుకోవాలి. పాతది కొనేవారు దారం లేకుండా చేతి చక్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పి చూడండి. బరువు అంతటా ఒకేలా ఉంటే అది జిగురెక్కిన నూనె, కిరోసిన్‌తో వదులుతుంది. ఒకేచోట పట్టేసినట్టయితే ముందు షటిల్ తీసి ఇరుక్కున్న దారమేమైనా ఉందేమో చూడాలి. అదీ కాకపోతే లోపల ఏదో వంగిందని అనుమానించి, మెకానిక్‌కు చూపించకుండా డబ్బు ఇవ్వకండి.