లిస్టీరియాకు ఎదురునిలవడంలో గామా, టీఎన్‌ఎఫ్, టైప్-1: ఏది మేలు?

సూక్ష్మజీవి సోకినప్పుడు మన కణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్ ఇంటర్‌ఫెరాన్. అది ఎంత ఊరితే శరీరానికి అంత రక్షణ అనుకునేదాన్ని. ఎలుకల్లో లిస్టీరియా మోనోసైటోజీన్స్ అనే బ్యాక్టీరియా మీద జరిగిన ప్రయోగాలు చదివాక ఆ నమ్మకం పోయింది. ఒకే ఇంటిపేరున్న రెండు ఇంటర్‌ఫెరాన్లలో ఒకటి (గామా) ఎలుకను కాపాడితే, రెండోది (టైప్-1) బ్యాక్టీరియాకే కలిసొచ్చింది.

సూక్ష్మజీవుల్ని మింగే రక్షణ కణం మాక్రోఫేజ్. అది మింగినంత మాత్రాన లిస్టీరియా చావదు. లిస్టీరియోలైసిన్-ఓ అనే విషంతో తనను బంధించిన సంచికి చిల్లు పెట్టి కణద్రవ్యంలోకి వచ్చేస్తుంది. అక్కడే పెరిగి, పక్క కణంలోకి నేరుగా దూరుతుంది. కణాల నుంచి బయటికి రాకుండానే పాకే ఈ శత్రువు మీద యాంటీబాడీల ప్రభావం తక్కువ. కాబట్టి మాక్రోఫేజ్‌కి దాన్ని చంపే సత్తా ఏ సంకేతం ఇస్తుందో చూడాలి.

గామా ఇంటర్‌ఫెరాన్ చేసేది సరిగ్గా ఆ పనే. మొదటి రోజుల్లో ఎన్‌కే కణాలు, తర్వాత టీ కణాలు (రెండూ తెల్లరక్తకణాల రకాలే) దాన్ని విడుదల చేస్తాయి. అది అందిన మాక్రోఫేజ్ నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది, మింగినదాన్ని సంచిలోనే చంపే శక్తి పెంచుకుంటుంది. గామా గ్రాహకం (ఆ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) లేని ఎలుకలు లిస్టీరియాను తట్టుకోలేవని 1993లో తేలింది. అదే ఏడాది, గామా జన్యువే లేని ఎలుకలు క్షయ బ్యాక్టీరియాకు బలయ్యాయి. టీ కణాలు లేకుండా పుట్టే స్కిడ్ ఎలుకలు కూడా లిస్టీరియాను కొన్నాళ్లు అదుపులో ఉంచగలుగుతున్నాయంటే, అది ఎన్‌కే కణాలు ఇచ్చే గామా చలవే.

టీఎన్‌ఎఫ్ వాపును రేపే మరో సంకేత ప్రోటీన్. లిస్టీరియా సోకినప్పుడు అది లేకపోయినా ఎలుక బతకదు, కానీ దాని సంగతి రెండంచుల కత్తి. టీఎన్‌ఎఫ్‌కు ఉన్న రెండు గ్రాహకాల్లో పీ55 లేని ఎలుకలు ఎండోటాక్సిన్ షాక్‌ని (బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతక స్థితిని) తట్టుకున్నాయి, అవే ఎలుకలు లిస్టీరియాకు చనిపోయాయి. ఇదీ 1993 ఫలితమే. మనుషుల్లోనూ కీళ్లవాతానికి టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే మందులు వాడితే లోపల నిద్రపోతున్న క్షయ మేల్కొనే ప్రమాదం ఉంది.

ఇక టైప్-1 ఇంటర్‌ఫెరాన్. దాని గ్రాహకం తీసేస్తే ఎలుకలు మరింత బలహీనపడాలి కదా? 2004లో వేర్వేరు బృందాలు చూసింది అందుకు పూర్తిగా విరుద్ధం. ఆ ఎలుకల ప్లీహంలో బ్యాక్టీరియా తగ్గింది, బతికినవి పెరిగాయి. ఎందుకంటే టైప్-1 సంకేతం లింఫోసైట్లను (టీ కణాల లాంటి తెల్లరక్తకణాలను) చావు వైపు నెడుతుంది. పైగా మాక్రోఫేజ్ మీది గామా గ్రాహకాలను తగ్గించేస్తుంది. అంటే గామా కబురు పంపినా వినే చెవి ఉండదు. నన్ను కలవరపెట్టిన విషయం ఇంకొకటి: లిస్టీరియా తానే సైక్లిక్-డై-ఏఎంపీ అనే చిన్న అణువును బయటికి పంపి కణం చేత ఈ ఇంటర్‌ఫెరాన్‌ని ఊరిస్తుంది.

అలాగని టైప్-1ని చెడ్డదని ముద్ర వేయలేం. గ్రూప్-బి స్ట్రెప్టోకాకస్, న్యుమోకాకస్ లాంటి, ఎక్కువగా కణాల బయటే పెరిగే బ్యాక్టీరియా సోకినప్పుడు దాని గ్రాహకం లేని ఎలుకలే ఎక్కువగా చనిపోయాయి.

కణంలో దాక్కునే బ్యాక్టీరియాకైతే నా ఓటు గామాకే. టీఎన్‌ఎఫ్ దాని పక్కన తప్పనిసరి తోడు. టైప్-1 విషయంలో మాత్రం తీర్పు చెప్పేముందు సూక్ష్మజీవి ఏ దారిన లోపలికి వచ్చిందో కూడా అడగాలి. పైన చెప్పిన కీడు రక్తనాళంలోకి సూదితో ఎక్కించినప్పుడు కనిపించింది. అదే లిస్టీరియాను ఆహారంతో ఇచ్చి చూసిన 2016 ప్రయోగాల్లో ఆ కీడు కనిపించలేదు.