పెద్దలకు పెట్టడానికి పొందూరు పంచె: అంత డబ్బు పెట్టొచ్చా?

మా విజయనగరం, శ్రీకాకుళం వైపు సంక్రాంతిని పెద్ద పండగ అంటాం. భోగి మంటలు, గొబ్బెమ్మలు, గంగిరెద్దులు అన్ని చోట్లా ఉన్నవే. మాకు మాత్రం ఆ రోజు అసలు పని పెద్దలకు బట్టలు పెట్టడం. పోయినవాళ్ల ఫొటోల ముందు పసుపు పెట్టిన కొత్త బట్టలు ఉంచి, ఆకులో వంటలన్నీ వడ్డించి, సాంబ్రాణి వేసి, పేరుపేరునా తలుచుకుని దండం పెట్టుకుంటాం. సూర్యుడు మకరరాశిలోకి అడుగుపెట్టే పుణ్యకాలంలో పితృదేవతలకు నువ్వులూ నీళ్లూ వదలడం మిగతా చోట్లా ఉంది. మా దగ్గర బట్టలు పెట్టందే పండగైనట్టు లెక్క కాదు. తర్వాత వాటిని ఇంట్లోవాళ్లే కట్టుకుంటారు. కాబట్టి ఒక్క పంచె ఇద్దరికి సరిపోవాలి: పోయినాయనకీ, ఉన్నాయనకీ.

ఏటా నాన్న పేరున బజార్లో ఏదో ఒక మిల్లు పంచె తెచ్చి పని కానిచ్చేసేవాళ్లం. ఈసారి అమ్మ పట్టుబట్టడంతో శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు వెళ్లి ఖాదీ పంచె, కండువా తెచ్చాను. రెండూ కలిపి ఏడు వేల చిల్లర. పెద్దలకు పెట్టే బట్టకి అంత అవసరమా అని మా ఆయన సణిగారు, కట్టుకునేది తనే అని తెలిసి కూడా.

డబ్బంతా నూలుకే. సన్న రకానికి పునాస పత్తి, కొండపత్తి అనే పత్తి రకాలు వాడతారు. గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దుకాణంలో అడిగితే ఒక ఎముక తీసి చూపించారు. అరచేతిలో పట్టేంత ఉంది, లోపలివైపు పళ్లు సన్నగా, దగ్గరదగ్గరగా, వేలితో రాస్తే గరుకు కాగితంలా తగిలాయి. ఆ పళ్ల మధ్య పత్తిలోని నలకలు చిక్కుకుపోయి పీచు తిన్నగా అవుతుంది. తర్వాత గింజ తీయడం, ఏకడం (దూదిని విడదీసి మెత్తగా చేయడం), వడకడానికి వీలుగా దూదిని ఏకులుగా చుట్టడం, ఒంటి కదురు రాట్నం మీద వడకడం, అన్నీ చేత్తోనే. వడికేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. ఈ నూలు సంగతి విని గాంధీజీ తన కొడుకు దేవదాస్‌ని ఇక్కడికి పంపించారు. ఆ కథ దుకాణంలో ప్రతి కొనుగోలుదారుకీ చెబుతారు. నూలు కౌంటు గురించి అడిగితే మాత్రం జవాబు నసుగుతూ వచ్చింది. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, ధర పెరుగుతుంది. అది చెప్పకుండా రేటు చెబితే ఎలా?

అంతకుముందు అదే ఊళ్లో ఇంకో దుకాణంలో పొందూరుదే అని చూపించిన పంచె వెలుతురులోకి ఎత్తి చూస్తే పోగులన్నీ ఒకే మందంలో ఉన్నాయి. చేత్తో వడికిన నూలు అలా ఉండదు. అక్కడక్కడా ఒక పోగు లావుగా, పక్కది సన్నగా కనిపిస్తుంది. మడత విప్పించి చూడకుండా డబ్బులివ్వకండి.

నేను తెచ్చినది తళతళలాడే తెలుపు కాదు, కాస్త మీగడ రంగు. అంచు సన్నది, ముదురు ఎరుపు. ఇంటికి తేగానే అమ్మ కొంగుకి చెయ్యి తుడుచుకుని మరీ ముట్టుకుంది. అంచు చూసి, "ఎరుపు తెచ్చావేటే? మీ నాన్నకి ఆకుపచ్చ కదా ఇష్టం" అంది. కాసేపాగి, "పోనీలే, బట్ట మాత్రం ఆయన కట్టిందే" అంది. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు పండగ పూట పొందూరు పంచె కట్టేవారు. అదే నేత, అదే మెత్తదనం అని ఆవిడ తీర్పు.

మా ఆయన కనుమ నాడు కట్టుకున్నారు. ఒంటి మీద బరువే లేదన్నారు, మినప గారెలు అయ్యేదాకా విప్పలేదు. కూర్చుని లేచేసరికి మాత్రం నలిగిపోయింది. గంజి, ఇస్త్రీ లేకుండా ఈ పంచె కట్టలేం, వాషింగ్ మెషీన్‌లో వేయలేం. కండువా చివర పోగులు మొదటి ఉతుకుకే ఊడొచ్చాయి, ముడులు వేసుకోవాల్సొచ్చింది. ఆ ధరకి ఆపాటి ముడులు వాళ్లే వేసి ఇవ్వొచ్చు.

రోజూ కట్టుకోవడానికైతే వద్దు. పెద్దలకు పెట్టి, ఆ తర్వాత పెళ్లిళ్లకీ పూజలకీ తీసే పంచె కావాలంటే నిరభ్యంతరంగా కొనండి. రెడీమేడ్ చొక్కాలు చూశాను, కుట్టు నచ్చలేదు. బట్ట కొని మీ టైలర్‌కి ఇవ్వడం మేలు. పండగ వారం దాకా ఆగితే అంచుల్లో ఎంపిక ఉండదు. అక్టోబరులో గాంధీ జయంతికి ఖాదీ మీద రిబేటు ఇస్తుంటారు, అప్పుడే వెళ్లండి. విజయనగరం నుంచైతే ప్యాసింజర్‌లో పొందూరు స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే చాలు. వచ్చే ఏడు నాన్నమ్మ పేరున చీర కూడా అక్కడే కొందామనుకుంటున్నాం. ఆవిడకి ఏ అంచు ఇష్టమో అమ్మనడిగి బయల్దేరతాను.