అండాలు దాచుకోవాలా, పిండాలా?

పిల్లల్ని కొన్నేళ్లు వాయిదా వేద్దామనుకునేవాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఇది: అండాలనే గడ్డకట్టించి దాచుకోవాలా, వీర్యకణంతో ఫలదీకరణ చేసి పిండాలుగా మార్చాక దాచుకోవాలా? ఇంజెక్షన్లు, అండాలు తీసే ప్రక్రియ రెండింటికీ ఒకటే, సుమారు 10–12 రోజులు. తేడా ఆ తర్వాతే.

ఖర్చు: అండాలకైతే ఇప్పుడు తక్కువ, ఫలదీకరణ ఖర్చు తర్వాత. పిండాలకు అదీ ముందే.

రిస్క్: అండం పెద్ద కణం, లోపల నీరెక్కువ, గడ్డకట్టేటప్పుడు సున్నితం. పైగా ఎన్ని పిండాలవుతాయో కరిగించి ఫలదీకరణ చేసేదాకా తెలియదు. పిండాలైతే లెక్క ముందే తేలుతుంది.

“జన్యు గుర్తులు రీసెట్ అవుతాయట కదా, వయసూ రీసెట్ కాదా?” అని అడుగుతుంటారు. కాదు. అండం పెరిగేటప్పుడు డీఎన్ఏపై తల్లి వైపు మిథైల్ గుర్తులు (ఏ జన్యువు పనిచేయాలో చెప్పే రసాయన గుర్తులు) కొత్తగా పడతాయి, నిజమే. కానీ ఆ అండం ఆమె పుట్టకముందే ఏర్పడి, విభజన మధ్యలో ఆగిపోయింది. 38 ఏళ్ల మహిళ అండానికీ దాదాపు 38 ఏళ్లే. వయసుతో అండంలో క్రోమోజోముల లెక్క తప్పితే ఏ రీసెట్టూ సరిచేయదు. వీర్యకణాలు మాత్రం రెండున్నర నెలల్లో కొత్తవి తయారవుతాయి. అందుకే గడియారం టెన్షన్ ఎక్కువగా ఆడవాళ్లకే. అన్యాయమే మరి!

స్వేచ్ఛ: అండాలపై నిర్ణయం ఆమెదే. పిండాలకు ఇద్దరి అంగీకారం కావాలి. విడిపోతే చిక్కే. పిండాల నిల్వకు మన దేశంలోని 2021 సహాయక పునరుత్పత్తి (ఏఆర్‌టీ) చట్టంలో గరిష్ఠ గడువు 10 ఏళ్లు.

పెళ్లి కాలేదా, భాగస్వామి ఖాయం కాలేదా? అండాలే. దంపతులై, ఇద్దరిదీ ఒకే మాటైతే, ముఖ్యంగా ముప్పై ఐదు దాటితే, పిండాలు మేలు.