కీప్, రిటైన్: ఏది ఎక్కడ?

బెంగళూరు ఆఫీసుల్లో మనవాళ్లు కొందరు, కీప్ సరిపోయే చోట కూడా దర్జాగా ఉంటుందని మెయిల్లో రిటైన్ రాసేస్తారు. కీప్ పాత ఇంగ్లిష్ మాట. రిటైన్ లాటిన్ నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, ఆ బిగువు అందుకే.

మాట నిలబెట్టుకోవడం, రహస్యం దాచడం, మనిషిని వెయిట్ చేయించడం అన్నీ కీప్‌తోనే. చేజారిపోయేదాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచడం రిటైన్: ఉద్యోగులు, హక్కులు, మట్టిలో తేమ. హెచ్‌ఆర్ వాళ్ల రిటెన్షన్ బోనస్ అదే. ఆటో అతనితో ‘రిటైన్ ద చేంజ్’ అంటే మాత్రం నవ్వుతాడు!

బ్యాగు బల్ల మీద పెట్టమనడానికీ మనం కీప్ అనేస్తాం. మన ‘పెట్టు’, కన్నడ ‘ఇడు’ చేసిన అలవాటు. విదేశీ క్లయింటుతో అయితే అక్కడ పుట్ అనాలి.