రీల్స్ చూసి నేర్చుకోవడమా, ఆన్‌లైన్ కోర్సులో చేరడమా?

పద్దెనిమిదేళ్ల అమ్మాయి పీరియడ్స్, గర్భనిరోధం గురించి తెలుసుకోవాలంటే రీల్స్ ఉన్నాయి, డాక్టర్లు చెప్పే ఆన్‌లైన్ కోర్సులూ ఉన్నాయి. రీల్ నిమిషంలో అయిపోతుంది, ఒక్కదాన్నే కూర్చుని మొహమాటం లేకుండా చూసుకోవచ్చు, అది మంచిదే. కానీ మా చెల్లి ఒక రీల్ చూసి 28 రోజులకి రాలేదని రాత్రంతా ఏడ్చింది, 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలేనని అందులో చెప్పలేదు మరి.

కోర్సులో అయితే బ్లీడింగ్ మొదలైన రోజునే ఒకటో రోజుగా లెక్కపెట్టాలని క్యాలెండర్ మీద చూపిస్తారు, రక్షణ లేకుండా శారీరకంగా కలిశాక గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ పిల్ ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది, లెవోనోర్జెస్ట్రెల్ అనే మందున్న పిల్ అయితే కలిసిన 72 గంటల్లోపే వేసుకోవాలి, పైగా అది శారీరక కలయిక వల్ల సోకే ఇన్ఫెక్షన్లని ఆపదు, దానికి కండోమ్ కావాల్సిందే అని విడమరిచి చెప్తారు. కాస్త బోర్ కొడుతుంది, నిజమే. అయినా నేను కోర్సుకే ఓటేస్తా, మూడు నెలలు పీరియడ్ రాకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలని మా చెల్లికి తెలిసింది అక్కడే.