పబ్బులో ప్లౌమన్స్ లంచ్ చెప్పే ముందు

ప్లౌమన్స్ లంచ్ అంటే ఇంగ్లండు పబ్బుల్లో రొట్టె, చీజ్, పికిల్ కలిపి పెట్టే చల్లటి పళ్లెం. పొయ్యి వెలిగించకుండా తయారయ్యే భోజనం ఇది. కాబట్టి వంట బాగోలేదని సర్దిచెప్పుకోవడానికి వీల్లేదు. సరుకు మంచిదా, దాన్ని ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు తీశారు అన్న రెండింటిమీదే అంతా నడుస్తుంది.

చీజ్ ఒక్కటే దిమ్మగా, నూరు నుంచి నూటయాభై గ్రాముల దాకా ఉండాలి. కత్తి ఆనిస్తే మంచి చెడ్డర్ రకం చీజ్ పలుకులుగా విడిపోతుంది. వడ్డించడానికి గంట ముందే బయట పెట్టకపోతే అందులోని కొవ్వు బిగుసుకుని వాసనా రాదు, రుచీ తెలియదు. తురిమిన చీజ్ గానీ, పల్చటి బిళ్లలు గానీ వచ్చాయంటే ఇక ఆ పబ్బు మీద ఆశ వదులుకోవచ్చు. బ్రెడ్డు పైపొర కరకరలాడాలి. వెన్న గట్టిగా ఉంటే రాసేలోపే బ్రెడ్డు చిరిగిపోతుంది. పక్కన సగం ఆపిల్, మాల్ట్ వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయ, కాస్త సెలరీ, కూరగాయ ముక్కలతో చేసిన ముదురు గోధుమరంగు పికిల్ చాలు. 1922 నుంచి వస్తున్న బ్రాన్‌స్టన్ పికిల్ తియ్యగా, పుల్లగా ఉంటుంది, కారం ఆశించకండి. పక్కన సలాడ్ కూడా ఇచ్చి, దాని మీద డ్రెస్సింగ్ పోస్తే మాత్రం అది జారి బ్రెడ్డు నానిపోతుంది. విడిగా ఇమ్మనండి.

రొట్టె, చీజ్, బీరు కలిపి తినడం పాత అలవాటే. ఈ పేరుతో దేశమంతా మెనూల్లోకి ఎక్కింది మాత్రం 1954లో చీజ్ రేషన్ ఎత్తేశాక సాగిన ప్రచారం వల్ల.

చెడ్డర్ కోసమైతే నైరుతి ఇంగ్లండులోని సోమర్సెట్ పల్లెలకు వెళ్లాలి. అక్కడ బీరు కన్నా, ఆపిల్ రసం పులియబెట్టి చేసే సైడరే జోడీ. నీలి చారల స్టిల్టన్ చీజ్ కావాలంటే లెస్టర్‌షైర్‌లోని మెల్టన్ మోబ్రే వైపు వెళ్లాలి. ఆ పేరుతో అమ్మే చీజ్‌ను లెస్టర్‌షైర్, డెర్బీషైర్, నాటింగమ్‌షైర్‌లలో తప్ప ఇంకెక్కడా చేయకూడదు. మెల్టన్‌లో ‘పోర్క్ పై’ (పిండి తొడుగులో పంది మాంసం) కూడా ప్లేటులోకి వచ్చేస్తుంది, జాగ్రత్త.

శాకాహారులు హామ్ (పంది మాంసం ముక్కలు) వద్దంటే సరిపోదు. పాతపద్ధతి చీజ్‌ల్లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. ‘వెజిటేరియన్ రెన్నెటేనా’ అని అడిగితే ప్యాకెట్ చూసి చెబుతారు.

చాలా పల్లె పబ్బుల్లో వంటగది మధ్యాహ్నం రెండు, రెండున్నరకల్లా మూసేస్తారు. ఆదివారం రోస్ట్ (కాల్చిన మాంసం భోజనం) తప్ప ఇంకేమీ పెట్టని చోట్లూ ఉన్నాయి. ముందే ఫోన్ చేయడం మేలు. బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూస్తే ఎవరూ రాకపోవచ్చు. బల్ల నంబరు చూసుకుని బార్ దగ్గరకెళ్లి ఆర్డర్ చెప్పి, అక్కడే డబ్బు కట్టేయాలి.